సౌరఫలకమునకు నీటి చల్లదనము

వైశాఖమాసమున మిట్టమధ్యాహ్నపువేళ గజపతినగరములో ఒక మేడపైకెక్కి నలుదెసలు చూడుడు. చంపావతీనది సన్నగిల్లి యిసుకతిన్నెల నడుమ సాగుచుండును. విజయనగరమునుండి రాయపూరునకు పోవు రహదారిపై ఎండమావులు కదలుచుండును. పశువులు చెట్లనీడను జేరి నెమరువేయుచుండును. జనులు తలుపులు చేరవేసికొని యిండ్లలో నుందురు. ఆ వేళ నీడను కోరని వస్తువొక్కటే అచ్చటచ్చట కనబడును. అది మేడలపై వాలుగా నమర్చిన సౌరఫలకము.

ఎండ యెంత తీవ్రముగా నుండునో ఈ ఫలకము అంత యెక్కువ విద్యుత్తు నిచ్చునని చాలమంది తలంతురు. ఇది సగము మాత్రమే నిజము. ఫలకమునకు కావలసినది సూర్యుని వెలుతురు. సూర్యుని వేడి కాదు. వెలుతురు దానికి ఆహారము వంటిది. వేడి దానికి జ్వరము వంటిది. ఈ జ్వరమును దింపుటకై కొందరు ఫలకములపై నీరు చల్లుచుందురు. అట్లు చల్లుటవలన విద్యుత్తు పెరుగునా? పెరిగినచో ఎంత పెరుగును? ఆ లాభమునకై మనమిచ్చు వెల యేమి? ఈ మూడు ప్రశ్నలను ఈ పాఠమున విచారింతము.

వెలుతురునుండి విద్యుత్తు పుట్టునను సంగతిని 1839వ సంవత్సరమున ఎడ్మండ్ బెకరెల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అప్పటికాతని వయస్సు పందొమ్మిదేండ్లు. అటుపిమ్మట నూటపదునైదేండ్లకు, అనగా 1954లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికాన్‌తో సౌరఘటమును నిర్మించిరి. అది తనపై బడిన కాంతిలో నూటికి సుమారు 6 వంతులను విద్యుత్తుగా మార్చెను. నేడు ఇండ్లపై నమర్చు మంచి ఫలకములు నూటికి 20 వంతులకు మించి మార్చగలుగుచున్నవి. తక్కిన కాంతిలో కొంత వెనుకకు మరలిపోవును. మిగిలినదంతయు వేడిగా మాఱి ఫలకములోనే నిలుచును. కావుననే ఎండలోనున్న ఫలకము చుట్టునున్న గాలికంటెను మిక్కిలి వేడెక్కును. గాలి 36 డిగ్రీలున్న దినమున, మధ్యాహ్నవేళ ఫలకము 65 డిగ్రీల వరకు కాగుట వింత కాదు.

వేడివలన విద్యుత్తు ఎందుకు తగ్గును? ఒక పోలికతో గ్రహింతము. కాలువనీరు ఎత్తునుండి పడి చక్రమును త్రిప్పుచున్నదనుకొనుడు. చక్రమునకు లభించు శక్తి రెండింటిపై ఆధారపడియుండును. ఒకటి పడు నీటి పరిమాణము. రెండవది అది పడు ఎత్తు. విద్యుత్తులో ప్రవాహము నీటి పరిమాణము వంటిది. వోల్టేజి ఎత్తు వంటిది. ఫలకము వేడెక్కినపుడు ప్రవాహము రవంత పెరుగును గాని, వోల్టేజి అంతకంటె చాల యెక్కువగా పడిపోవును. సిలికాన్‌లోని ఎలక్ట్రానులను ఒకవైపునకు నెట్టవలసిన బలము, వేడిచే సన్నగిల్లుటయే ఇందుకు కారణము. కావున మొత్తముమీద నష్టమే కలుగును.

ఈ నష్టము ఊహించి చెప్పినది కాదు, లెక్కకు వచ్చినది. ప్రతి ఫలకము వెనుక దాని శక్తి యెన్ని వాట్లో వ్రాసిన చీటీ యుండును. ఆ సంఖ్య ఫలకము 25 డిగ్రీల వేడిలోనుండి, ఒక్కొక్క చదరపు మీటరుపై 1000 వాట్ల ఎండ పడునపుడు వర్తించును. సిలికాన్ ఫలకము అంతకుమించి ఒక్కొక్క డిగ్రీ వేడెక్కినకొలది నూటికి 0.35 నుండి 0.45 వంతు వరకు శక్తిని కోల్పోవును. లెక్కకు సులువుగా 0.4 అనుకొందము. 65 డిగ్రీల ఫలకము 25 కంటె 40 డిగ్రీలు ఎక్కువ వేడిగా నున్నది. 40ని 0.4తో హెచ్చవేసినచో 16 వచ్చును. అనగా 1000 వాట్ల ఫలకము ఆ వేళ 840 వాట్లు మాత్రమే యిచ్చును. మే నెల నడుమను, జూలై చివరను గజపతినగరమునకు సూర్యుడు మధ్యాహ్నమున సరిగా నడినెత్తికి వచ్చును. వెలుతురు నిండుగా నున్న మే నెలలోనే ఫలకమునకు జ్వరము కూడ హెచ్చుగా నుండును.

ఇక నీటి సంగతి చూతము. కొత్తకుండలో పోసిన నీరు వేసవిలో చల్లగా నుండుట మీరెఱుగుదురు. కుండ గోడలనుండి ఊరిన తేమ గాలిలోనికి ఆవిరియై పోవుచు, లోపలి నీటి వేడిని తనతో గొనిపోవును. కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చిలుకరించుటయు, చెమట పట్టిన దేహమునకు గాలి తగిలినపుడు హాయి కలుగుటయు ఇందువలననే. ఒక లీటరు నీటిని 30 డిగ్రీలనుండి మరుగువఱకు కాచుటకు ఎంత వేడి కావలెనో, అదే లీటరు నీరు మామూలు వేడిమిలో పూర్తిగా ఆవిరియగుటకు అంతకు సుమారు ఎనిమిది రెట్లు వేడి కావలెను. ఈ వేడినంతయు అది తాను తాకియున్న వస్తువునుండి తీసికొనును. సౌరఫలకముపై పలుచని నీటిపొర పరచినచో జరుగునదియు నిదే. అయితే గాలిలో తేమ అధికమైనపుడు నీరు తొందరగా ఆవిరి కాదు. సముద్రపుగాలి సోకు మన జిల్లాలో ఉక్కపోత దినములందు ఈ లాభము కొంత తగ్గును.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహింతము. గజపతినగరములో ఒక మేడపై 3 కిలోవాట్ల ఫలకములున్నవనుకొనుడు. 2024 ఫిబ్రవరిలో భారతప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున ఇంతటి ఫలకములకు 78,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. కావున సామాన్య కుటుంబములకు ఈ లెక్క పనికివచ్చును. ఆ ఫలకముల వైశాల్యము సుమారు 15 చదరపు మీటర్లు. నీటిచే వాటి వేడిని 65 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు దింపితిమనుకొందము. 20 డిగ్రీలు తగ్గెను. నూటికి 8 వంతుల శక్తి మరల చేతికి వచ్చెను. 3000 వాట్లలో 8 వంతులనగా 240 వాట్లు. మధ్యాహ్నము మూడు గంటలపాటు ఇట్లు సాగినచో 720 వాట్‌గంటలు, అనగా ఇంచుమించు ముప్పాతిక యూనిట్ లాభము. 75 వాట్ల పంకా దీనితో దాదాపు పదిగంటలు తిరుగును.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది. నీరు చల్లినచో విద్యుత్తు పెరుగును. రెండవ ప్రశ్నకును దొరకినది. పెరుగుట నిజమే గాని, అది కొండంత కాదు. ఇక మూడవ ప్రశ్న మిగిలియున్నది. వెల యెంత?

నీటిని చల్లుటకు ఇంటిలోని అర హార్స్‌పవరు మోటారును మూడు గంటలు ఎడతెగక నడిపితిమనుకొనుడు. అది గంటకు సుమారు అర యూనిట్ వాడుకొనును. మూడు గంటలకు ఒకటిన్నర యూనిట్. ముప్పాతిక యూనిట్ సంపాదించుటకై ఒకటిన్నర యూనిట్ వెచ్చించుట, పావలా కోడికి ముప్పావలా మసాలా వంటిది. అట్లయిన నీటితో చల్లబఱచుట వ్యర్థమా? కాదు. తప్పు నీటిది కాదు. అనవసరముగా మోటారును నడపుటది. నిజమునకు ఈ పనికి కావలసిన నీరు కొంచెమే. ఆ ఫలకములనుండి నీరు గంటకు తీసికొనిపోవలసిన వేడిని లెక్కించినచో, ఆవిరియై పోవు నీరు గంటకు సుమారు 9 లీటర్లని తేలును. మూడు గంటలకు ఇంచుమించు 30 లీటర్లు. నూరు లీటర్ల నీటిని పది మీటర్ల ఎత్తునకు చేర్చుటకు పట్టు విద్యుత్తు, మోటారులో కలుగు నష్టమును కలిపి చూచినను, యూనిట్‌లో నూరవ వంతుకు మించదు. కావున మేడపై ఎత్తున నున్న తొట్టినుండి, సన్నని రంధ్రములు గల గొట్టము ద్వారా నీటిని తనంతట తానే ఫలకము పైయంచునుండి పలుచగా జారనిచ్చినచో, మోటారు ఖర్చు దాదాపు లేనట్లే యగును.

కాని వెల యనగా విద్యుత్తు వెల మాత్రమే కాదు. ఆ 30 లీటర్ల నీటి మాట యేమి? వేసవిలో ఒక్కొక్క మనిషి దినమునకు మూడు లీటర్లు త్రాగునని యెంచినచో, అది పదిమంది దాహము తీర్చు నీరు. ఒక పంకాకు పదిగంటల గాలియా, పదిమందికి ఒకనాటి త్రాగునీరా? బావులు నిండుగా నున్న ఆశ్వయుజమాసమున ఈ ప్రశ్న పుట్టదు. అయితే అప్పుడు ఫలకము అంతగా కాగదు. నీటి అవసరమును అంతగా ఉండదు. ఫలకమునకు నీరు మిక్కిలి కావలసిన దినములును, మనుష్యులకు నీరు మిక్కిలి కరవైన దినములును ఒక్కటే. ఈ చిక్కును మఱచి చేసిన లెక్క సరియైన లెక్క కాదు. బిందెతో కుళాయివద్ద నిలుచున్న తల్లిని లెక్కలో చేర్చనివాడు విద్యుత్తు లాభమును మాత్రమే చూచును.

ఈ చిక్కునకు ఒక ఉపాయము కలదు. ఇంటిలో కొంత నీరు ఎట్లును మొక్కలకు పోయుదురు. ఆ నీరు మొదట ఫలకముపై జారి, క్రింద నమర్చిన దోనెలో బడి, అటనుండి మల్లెపాదునకో ఆనపపాదునకో చేరినచో, ఒకే నీరు రెండు పనులు చేయును. ఆవిరియైన కొద్దిపాటి నీరు తప్ప తక్కినది వ్యర్థము కాదు. మొక్కలు లేనివారు జారిన నీటిని తొట్టిలో పట్టి సాయంకాలము వాకిలి చల్లుటకు వాడుకొనవచ్చును. క్రొత్తగా త్రాగునీటిని తెచ్చి ఫలకములపై పోయుట మాత్రము తగదు.

నీటి గుణమును కూడ గమనింపవలెను. బోరునీటిలో లవణములు కరగియుండును. లీటరునకు అరగ్రాము లవణములున్న నీరనుకొనుడు. దినమునకు 30 లీటర్లు ఆవిరియైనచో 15 గ్రాముల లవణము మిగులును. అరువది దినముల వేసవిలో అది 900 గ్రాములగును. జారు నీటితో కొంత కొట్టుకొనిపోయినను, మిగిలినది అద్దముపై తెల్లని పొరయై గట్టిపడి వెలుతురును అడ్డగించును. నీళ్లు కాచు పాత్ర అడుగున గట్టుకొను తెల్లని పెచ్చును మీరు చూచియుందురు; ఇదియు నట్టిదే. చల్లదనముచే వచ్చిన లాభమును ఈ పొర మ్రింగివేయును. సబ్బునీరు కూడ ఫలకముపై మురికిపొరను విడుచును. కావున మెత్తని నీరు లభింపనిచోట ఫలకమును తరచుగా మెత్తని గుడ్డతో తుడువవలెను.

వేళను కూడ ఎఱుగవలెను. 65 డిగ్రీల వేడిలోనున్న అద్దముపై మిట్టమధ్యాహ్నము ఒక్కసారిగా చల్లని నీరు కుమ్మరించుట మంచిది కాదు. అద్దము ఒకచోట చప్పున చల్లబడి, వేఱొకచోట వేడిగా నుండుటవలన దానిపై ఒత్తిడి కలుగును. నీటిపొరను ఉదయము ఎండ ముదురకముందే మొదలుపెట్టి సాగింపవలెను. మఱియొక హెచ్చరిక. వెలుతురు పడుచున్నంతసేపు ఫలకములో విద్యుత్తు పుట్టుచునే యుండును. మీటనొక్కి దానిని ఆపజాలము. వరుసగా కలిపిన ఫలకములలో కొన్ని వందల వోల్టుల విద్యుత్తు ఉండవచ్చును. తీగ చినిగినచోట నీరు తగిలినచో ప్రాణమునకే అపాయము. కావున విద్యార్థులు తామై మేడలెక్కి ఈ పనులకు పూనుకొనరాదు. గొట్టములమర్చుట, తీగలు పరీక్షించుట తెలిసినవారిచేతనే చేయింపవలెను.

నీరు చల్లగానే విద్యుత్తు చాల పెరిగినదని కొందరు చెప్పుదురు. వారి మాట అబద్ధము కాకపోవచ్చును. కాని కారణము వేఱుగా నుండవచ్చును. వేసవిలో పొలములనుండియు రహదారులనుండియు లేచిన ధూళి ఫలకములపై పేరుకొనియుండును. మొదటిసారి నీరు పోసినపుడు ఆ ధూళి కడుగుకొనిపోవును. పెరిగిన విద్యుత్తులో ఎంత శుభ్రతవలన వచ్చెను, ఎంత చల్లదనమువలన వచ్చెను? దీనిని తేల్చుటకు మార్గమిది. ఒకే విధమైన రెండు ఫలకములను మొదట శుభ్రముగా కడిగి ఆరనీయవలెను. పిమ్మట ఒకదానిపై మాత్రమే నీరు జారనిచ్చి, రెంటి విద్యుత్తును ఒకే వేళ పోల్చవలెను. ఇట్లు ఒక్కొక్క కారణమును వేఱుచేసి పరీక్షించుటయే శాస్త్రపద్ధతి. శుభ్రతయే ముఖ్యకారణమని తేలినచో, వారమున కొకసారి తెల్లవారుజామున కొలదిపాటి నీటితో కడిగిన చాలును. దినమంతయు నీరు జార్చనక్కరలేదు.

మీ పాఠశాలలో ఉపాధ్యాయుని సమక్షమున చేయదగిన చిన్న ప్రయోగమొకటి కలదు. నీడలో చల్లగానున్న చిన్న సౌరఫలకమును ఎండలో నుంచి, వెంటనే వోల్టుమాపకముతో దాని వోల్టేజిని కొలువుడు. అది 22 వోల్టులున్నదనుకొందము. పావుగంట యెండలో కాగనిచ్చి మరల కొలువుడు. డిగ్రీకి నూటికి 0.3 వంతు చొప్పున వోల్టేజి తగ్గును గనుక, ఫలకము 30 డిగ్రీలు వేడెక్కినచో రెండు వోల్టులు తగ్గి 20 వోల్టులగును. ఇప్పుడు తడిగుడ్డతో ఫలకము వెనుకభాగమును జాగ్రత్తగా ఒత్తి చల్లబఱచి మూడవసారి కొలువుడు. వెలుతురు మాఱలేదు, వేడి మాత్రమే తగ్గినది. సంఖ్య మరల పైకి వచ్చుట మీ కన్నులతో చూడగలరు.

ఫలకమువద్దకు నీటిని తెచ్చుటకు బదులు ఫలకమునే నీటివద్దకు తీసికొనిపోయినచో ఎట్లుండును? ఈ ఆలోచన మన పొరుగుననే కార్యరూపము దాల్చినది. విశాఖపట్టణములోని ముడసర్లోవ జలాశయముపై 2018లో 2 మెగావాట్ల తేలియాడు ఫలకములను ఏర్పఱచిరి. 2021 ఆగస్టులో ఎన్.టి.పి.సి. సంస్థ సింహాద్రి విద్యుత్కేంద్రపు జలాశయముపై 25 మెగావాట్ల కేంద్రమును ప్రారంభించినది. అందు లక్షకు పైగా ఫలకములు 75 ఎకరముల మేర పరచియున్నవి. 2022 జూలై నాటికి తెలంగాణమునందలి రామగుండము జలాశయముపై 100 మెగావాట్ల కేంద్రము పూర్తియైనది. గుజరాతులో 2012లోనే నర్మదాకాలువపై కప్పువలె ఫలకములు నిలిపిరి. నీటిపైనుండు గాలి నేలపైనుండు గాలికంటె చల్లగా నుండుటవలన ఈ ఫలకములు కొంత తక్కువగా కాగును. అంతకంటె విశేషమేమనగా, ఫలకముల నీడవలన జలాశయములోని నీరు ఆవిరియగుట తగ్గును. సింహాద్రి కేంద్రమువలన ఏటా 136 కోట్ల లీటర్లకు మించి నీరు మిగులునని అంచనా వేసిరి. మేడపై ఫలకమునకు నీరు ఖర్చగుచుండగా, ఇచ్చట ఫలకమే నీటిని కాపాడుచున్నది.

ప్రతి ఇంటివారికిని జలాశయముండదు. వారికి సులభమైన సహాయకుడు గాలి. ఫలకమును మేడకు అంటుకొనునట్లు కాక, క్రింద జానెడు కంటె తక్కువ కాని ఖాళీ విడిచి అమర్చినచో, గాలి వెనుకనుండి వేడిని తీసికొనిపోవును. మధ్యాహ్నము వీచు గాలికి పిట్టగోడ అడ్డురాకుండ చూచుకొనవలెను. మేడకు తెల్లసున్నము కొట్టినచో నేల తక్కువగా కాగును. ఈ పనులకు ఒక బొట్టు నీరైనను ఖర్చు కాదు. మొదట గాలి, పిమ్మట శుభ్రత, ఆ పిమ్మటనే మొక్కలకు పోవు నీరు: ఈ వరుసను పాటించిన కుటుంబము విద్యుత్తును, నీటిని రెంటిని కాపాడుకొనును.

విద్యార్థులారా! మీ యింటిపై ఫలకములున్నచో, వేసవిలో ఒక వారమురోజులు ఇన్వర్టరుపై కనబడు యూనిట్లను ప్రతి సాయంకాలము ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ఫలకములను కడిగించిన దినమును, నీరు జార్చిన దినమును ప్రక్కన గుర్తింపుడు. దాని కెదురుగా ఆ దినము ఎన్ని లీటర్ల నీరు వాడితిరో, అది ఎచ్చటనుండి వచ్చినదో కూడ వ్రాయుడు. వారాంతమున ఆ రెండు వరుసలను తల్లిదండ్రులకు చూపి, నీరు చల్లవలెనా వలదా యని వారితో కలిసి నిర్ణయింపుడు.